మగ్గం మీద ఒట్టు

"ఇది మీ ఆయన మూత్రం అమ్మా," అన్నాడు డాక్టర్ లాజరు, చిన్న గాజు సీసాను కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి.

బాలత్రిపురసుందరి నమ్మలేకపోయింది. సీసాలో ఉన్నది పాలు పోయని టీ డికాషన్‌లా ఉంది.

"మళ్ళీ అడుగుతున్నాను. వీరభద్రయ్యగారు ఆ కొవ్వు బిళ్ళ వేసుకుంటున్నారా?"

"లేదండీ," అన్నాడు కొడుకు దుర్గాశంకర్, తల్లి నోరు తెరిచేలోగానే. "కార్తీకంలోనే మానేశాడు. మా వీధి వీధంతా సాక్ష్యం."

"మీరు చెప్పండమ్మా."

"లేదండీ," అంది ఆమె, చీర చెంగుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ.

"ఆయన్ని అడిగితే ఆయనా అదే అన్నారు. మగ్గం మీద ఒట్టేశాను సార్ అన్నారు." డాక్టర్ సీసాను బల్లమీద ఠక్కున పెట్టాడు. "మరి ఈ రంగు ఎక్కణ్ణించి వచ్చింది?"

బయట బెజవాడ సూర్యారావుపేట రోడ్డు మీద ఆటోలు ఆగకుండా హారన్లు కొడుతున్నాయి.

మంగళగిరిలో పొద్దున జరిగింది ఆమె కళ్ళముందు నుంచి పోవడం లేదు. మగ్గం గుంటలోకి దిగిన మనిషి దిగినట్టే ఉండిపోయాడు. "సుందరీ, కాళ్ళు లేవట్లేదే," అన్నాడు, ఏదో వస్తువు కనపడటం లేదన్నంత మామూలుగా. పక్కింటి మగాళ్ళిద్దరు చంకల కింద చేతులు వేసి పైకి లాగాల్సి వచ్చింది. కారులో వారధి దాటుతున్నంతసేపూ ఆయన కృష్ణవైపే చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు పక్కగదిలో, రెండు చేతులకీ సెలైన్ పెట్టించుకుని పడుకుని ఉన్నాడు.

"చూడండమ్మా," డాక్టర్ గొంతు తగ్గించాడు. "ఆయన కండరాలు కరుగుతున్నాయి. కరిగింది రక్తంలో కలిసి మూత్రపిండాలకి అడ్డం పడుతోంది. కారణం రెండింట్లో ఒకటి. మందు వల్ల అయితే మందు ఆపి, నీళ్ళు బాగా ఎక్కించి కాపాడుకోవచ్చు. మందేదీ లేదంటారా, అప్పుడది కండరాలకి పట్టిన వేరే జబ్బు అవుతుంది. దానికి స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. షుగరున్న మనిషి, పుష్కరాలప్పుడే గుండెపోటు వచ్చిన మనిషి. అనవసరంగా స్టెరాయిడ్ ఇచ్చానో, నా చేత్తో నేనే తీసుకెళ్ళి కృష్ణలో కలిపినట్టు."

"అట్టా అనకండి బాబూ!"

"సాయంత్రం లోపల ఏదో ఒకటి తేల్చాలి. చెట్టు మందులు, భస్మాలు ఏమన్నా మింగారా?"

"ఏమీ లేదు సార్," అన్నాడు దుర్గాశంకర్ వెంటనే. అతని చెయ్యి చొక్కా జేబు మీదకి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగింది.

డాక్టర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఆ బిళ్ళ పేరు స్టాటిన్. లివరు కొవ్వు తయారుచెయ్యడాన్ని తగ్గిస్తుంది. రక్తనాళంలో పేరుకున్న పూత పగిలి గుండెకి అడ్డం పడకుండా కాస్తుంది. ఒకసారి పోటు వచ్చినవాడికి అది బతికున్నన్నాళ్ళూ ఉండాల్సిన మందు. కొందరికి కాళ్ళు లాగుతాయి. లాగితే నాకొచ్చి చెప్పాలి. డోసు తగ్గించేవాణ్ణి, బిళ్ళ మార్చేవాణ్ణి. మీకు ఒట్లు వేసుకోవడానికి తీరికుంటుంది గానీ వారధి దాటి రావడానికి ఉండదు!"

* * *

వరండాలో బల్ల మీద కూర్చోగానే కొడుకు గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, నువ్వు కంగారుపడి ఏదంటే అది చెప్పమాక. మనకే తెలియనిది డాక్టరుకి మాత్రం ఏం చెప్తాం?"

"నేనేం చెప్పాన్రా? లేదనేగా చెప్పా."

"ఉయ్యూరు నుంచి మావయ్య పంపిన కషాయం ఏమన్నా..."

"ప్రతిదానికీ మా పుట్టింటి మీదకే పోతావేరా? మా తమ్ముడు పంపింది బెల్లం. మీ నాన్నకి షుగరని అది నువ్వే తిన్నావు."

దుర్గాశంకర్ లేచి వరండా చివరికి వెళ్ళి నిలబడ్డాడు. ముప్పై దాటిన కొడుకు. వన్‌టౌన్‌లో చీరల కొట్టు నడుపుతున్నాడు. వెనక నుంచి చూస్తే బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలా ఉన్నాడు. ఎందుకో అర్థం కాలేదు ఆమెకి. తన భయమే తనకి సరిపోతోంది.

ఆమె చెవుల్లో మగ్గం ఆడుతోంది.

ఉయ్యూరు నుంచి కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆ చప్పుడుకి నిద్రపట్టేది కాదు. తెల్లారకుండానే మొదలయ్యేది. టకటకా, టకటకా. "మీ ఇంట్లో గోడకి కూడా గుండె ఉందేంటండీ, కొట్టుకుంటూనే ఉంటది," అంది ఓ రోజు. ఆయన నవ్వి, ఆ ఏడాది నేసిన మొదటి నిజాం అంచు చీర షావుకారుకి ఇవ్వకుండా ఆమె ఒళ్ళో పెట్టాడు. మంగళగిరి కొండ వెనక పొద్దు వాలాక చావిట్లో ఆమె కండెలకి నూలు చుట్టేది, ఆయన మగ్గంలో అటూ ఇటూ నాడె విసిరేవాడు. మాటలుండేవి కావు. అక్కర్లేదు కూడా. ఆయనకి కోపం వచ్చిందా, ఆకలేసిందా, పాట గుర్తొచ్చిందా, అన్నీ మగ్గమే చెప్పేసేది.

పుష్కరాల రోజుల్లో మొదటిసారి ఆ మగ్గం ఆగింది. ఘాట్‌లో మునిగి లేచిన మనిషి గుండె పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. ఇదే డాక్టర్ బతికించి, బిళ్ళలు రాసిచ్చి పంపాడు. ఇల్లు చేరాక మగ్గం మళ్ళీ పలికినప్పుడు ఆమె దేవుడి గదిలోకి పోయి ఏడ్చింది.

కార్తీకం వచ్చేసరికి కాళ్ళు లాగుతున్నాయన్నాడు. "ఈ బిళ్ళే నా కాళ్ళు తినేస్తోంది. కాళ్ళు లేనివాడు నేతగాడేంటి?" అని వీధిలోకి వచ్చి కేకలేశాడు. పడుగు నూలు చాపుకుంటున్న వాళ్ళంతా చూస్తుండగా లోపలికి నడిచి, మగ్గం మీద చెయ్యి వేశాడు.

"ఇంక ఆ కొవ్వు బిళ్ళ నా ఇష్టంతో నా నోట్లో పడితే, ఈ మగ్గం మీద ఒట్టు!"

అంతే. ఆ ఇంట్లో దేవుడి మీద వేసిన ఒట్టుకైనా మాఫీ ఉంటుంది. మగ్గం మీద వేసినదానికి లేదు. ఆయన తాత ఒట్టు తప్పిన ఏడే పడుగు మొత్తం తగలబడిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"చెల్లెమ్మా!"

తలెత్తింది. మెట్లెక్కి ఆయాసపడుతూ హుమాయూన్ నిలబడి ఉన్నాడు. తెల్లగడ్డం, తలమీద టోపీ, గోళ్ళ చివర్లలో ఏ సబ్బుకీ వదలని నీలి మరక. పక్కవీధిలో అద్దకం షెడ్డు ఆయనది. భర్తకి ప్రాణస్నేహితుడు. వీరభద్రయ్య వీధి గుమ్మం దాటాడంటే ఆయన్ని వెతకాల్సింది హుమాయూన్ ఇంటి అరుగు మీదే.

"ఇప్పుడే తెలిసిందమ్మా. మంగళగిరి బస్టాండులో బస్సు దొరక్క ఆటో ఎక్కొచ్చా. భద్రయ్య ఎట్టా ఉన్నాడు?"

ఆమె గదివైపు చూపించింది. హుమాయూన్ లోపలికి వెళ్ళి, కాసేపటికి బయటికొచ్చాడు.

"నిద్రపోతున్నాడు. మంచం పక్కన ఆ మూత్రం సంచీ..." బల్లమీద కూలబడ్డాడు. "ముదురు కాచు రంగు అమ్మా, గోధుమ మీద ఎరుపు. ఉప్పెన వచ్చిన ఏడు నేను అద్దానే, గుర్తుందా? రంగు మరీ ముదిరిపోయిందని షావుకారు తిరగ్గొట్టాడు. భద్రయ్య నూలంతా తీసుకెళ్ళి నేసి, సైకిల్ మీద బ్యారేజీ దాటించి బెజవాడలో అమ్ముకొచ్చాడు. 'నీ రంగులో తప్పు లేదురా, కొనేవాడి కళ్ళల్లో ఉంది' అన్నాడు. ఆ రోజు వాడు అట్టా అనకపోతే నేను అద్దకం మానేసి ఇబ్రహీంపట్నం పవర్‌హౌస్‌లో బొగ్గు మోసేవాణ్ణి." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ రంగు వాడి ఒంట్లోంచి రావడం చూస్తాననుకోలేదు."

సుందరి చెంగు వేలి నుంచి జారిపోయింది.

"అన్నయ్యా, నేను పాపం చేశాను."

"ఏంటమ్మా?"

"ఆ బిళ్ళ నేను పెడుతున్నా. ఒట్టేసిన మర్నాటి నుంచీ. పప్పుగుత్తి కింద నలిపి, రాత్రి మజ్జిగలో కలిపి. ఆయన ఇష్టంతో కాదుగా అన్నయ్యా? తెలియకుండా తాగితే ఒట్టు ఆయనకి తగలదు. తగిలితే నాకు తగలాలి. నేను కట్టుకుపోతాననుకున్నా."

హుమాయూన్ ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో కోపం లేదు. అంతకన్నా భయంకరమైనదేదో ఉంది.

"నువ్వూనా?" అన్నాడు.

"నువ్వూనా అంటే?"

"సాయంత్రం మా అరుగు మీద టీ తాగుతాంగా. నాక్కూడా ఈ డాక్టరుగారు అదే బిళ్ళ రాశారు. నేను వేసుకునేటప్పుడు వాడికీ ఒకటి ఇస్తున్నా. మొదట వద్దన్నాడు. 'ఒరేయ్ భద్రయ్యా, నీ మగ్గం మీద ఒట్టు నీ గుమ్మం వరకే. మా అరుగు మీద నీ ఒట్టు చెల్లదు. ఇది నా ఇష్టం, నీ ఇష్టం కాదు' అన్నా. నవ్వాడమ్మా. నవ్వి వేసుకున్నాడు. సుందరికి చెప్పమాకు, పరువు పోతది అన్నాడు."

"దొంగ సచ్చినోడు," అంది ఆమె. అని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది.

వరండా చివర దుర్గాశంకర్ వెనక్కి తిరిగాడు. అంతా విన్నాడు. అయినా ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు.

* * *

డాక్టర్ లాజరు వాళ్ళిద్దరూ చెప్పింది పూర్తిగా విన్నాడు. మొదట నవ్వొచ్చింది ఆయనకి. దాన్ని మింగేసి కళ్ళజోడు తీశాడు.

"నేను ఇన్నేళ్ళుగా బిళ్ళ మానేసేవాళ్ళతో వేగుతున్నాను. రిపోర్టు నార్మల్ వచ్చిందని ఒకడు, శివరాత్రి ఉపవాసమని ఒకడు, పక్కింటాయన వద్దన్నాడని ఒకడు. ప్రేమ ఎక్కువై రెండేసి మింగించినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను."

"బతుకుతాడాండీ?" అన్నాడు హుమాయూన్.

"మీరు చెప్పడం వల్ల స్టెరాయిడ్ తప్పింది. అది చిన్న విషయం కాదు." డాక్టర్ కాగితం మీద ఏదో రాయబోయి ఆగాడు. కలం మూత పెట్టాడు. "కానీ ఒకటి నాకు కుదరడం లేదు."

"మజ్జిగలో ఒకటి, టీతో ఒకటి. రెండూ కలిపినంత డోసు నేను రోజూ ఎంతోమందికి రాస్తాను. కొందరికి పిక్కలు లాగుతాయి, మెట్లెక్కడం కష్టమవుతుంది. మనిషి గుంటలోంచి లేవలేకపోవడం, మూత్రం ఇట్లా మారడం, ఇంత డోసుకి చాలా అరుదు. రక్తం రిపోర్టు చూస్తే మందు ఇంకా చాలా లోపలికి పోయినట్టుంది. ఇంకో చెయ్యి ఉంది."

"ఇంకెవరున్నారండీ మా ఇంట్లో?" అంది సుందరి. అనేసి, తన మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయింది.

మెల్లగా తలతిప్పి కొడుకుని చూసింది.

దుర్గాశంకర్ గోడమీది క్యాలెండరుని చూస్తున్నాడు.

"శంకరా."

"నన్నెందుకమ్మా అట్టా చూస్తావు? కొట్టు నుంచి నేను ఇంటికొచ్చేసరికి నాన్న పడుకునే ఉంటాడు. నేనెప్పుడు మజ్జిగ కలిపాను? నేనెప్పుడు టీ ఇచ్చాను?"

"నువ్వు మజ్జిగ కలిపావని ఎవరన్నారు?"

"నువ్వు అనలేదు. చూపు అంటోందిగా!"

"గొంతు తగ్గించు బాబూ, ఆస్పత్రి," అన్నాడు హుమాయూన్. అతన్ని చిన్నప్పుడు సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషి. "తప్పు ఎవరిదైనా ఒకటేరా. మేం చెప్పేశాం, మమ్మల్నేమన్నా జైల్లో వేశారా? చెప్తే మీ నాన్న దక్కుతాడు."

దుర్గాశంకర్ పెదవులు కదిలాయి.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని సిస్టర్ శౌరమ్మ వచ్చింది. "సార్, పేషెంటు లేచాడండీ. ఒకటే గోల. ఇంట్లోవాళ్ళని పిలవమంటున్నాడు."

* * *

వీరభద్రయ్య దిండుకి ఆనుకుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది గానీ కళ్ళు మాత్రం పాత కళ్ళే. ముందు హుమాయూన్‌ని చూశాడు, తర్వాత భార్యని. ఇద్దరి ముఖాలూ చదివేశాడు.

"చెప్పేశావా సాయిబూ?"

"చెప్పేశా."

"నోట్లో నువ్వుగింజ నానదు నీకు."

"మీ ఆవిడ నాకన్నా ముందే చెప్పింది," అన్నాడు హుమాయూన్. "నీ మజ్జిగ సంగతి."

"మజ్జిగేంటి?"

సుందరి మంచం పక్కన నిలబడి, కాళ్ళవైపు చూస్తూ చెప్పింది. చెప్పడం అయ్యాక ఆయన తలెత్తి పైనున్న సీసా వైపు చూశాడు. సెలైన్ బొట్లుబొట్లుగా పడుతోంది.

"చేదుగా ఉందేంటే అంటే మెంతులన్నావు," అన్నాడు.

"అన్నాను."

"నెలల తరబడి మెంతి మజ్జిగ మెచ్చుకుంటా తాగా. వీధిలో అందరికీ చెప్పా, మా ఆవిడ మెంతి మజ్జిగ వల్లే గుండె బాగుందని." పొట్ట కదిలేలా నవ్వాడు. నవ్వుకి కాళ్ళు నొప్పెట్టి ముఖం ముడుచుకుపోయింది. "పోనీలే. నువ్వు నన్ను మోసం చేసింది ఇదొక్కటే గదా."

"ఇదొక్కటే."

"కొత్తల్లో 'నాకు మగ్గం చప్పుడు ఇష్టమేనండీ' అన్నావు. అది కూడా లెక్కెయ్యి."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఆయన వేళ్ళు పట్టుకుంది. నాడె విసిరి విసిరి కాయ కాసిన వేళ్ళు. ఆ క్షణంలో ఆ గది ఆస్పత్రి కాదు, కండెలు చుట్టుకునే పాత చావిడి. డాక్టర్ కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"మళ్ళీ గుంటలో దిగుతానా డాక్టరుగారూ?"

"మూత్రం రంగు తేలిక పడాలి. పడితే దిగుతారు. పడకపోతే డయాలసిస్ మిషను. నాకు ఇంకొక్క విషయం తెలియాలి, ఆ తర్వాత నేను ధైర్యంగా మాట చెప్తాను."

"మిషను వద్దండీ. మరమగ్గాల మిషన్లతోనేగా మా బతుకు ఇట్టా అయ్యింది." వీరభద్రయ్య కాళ్ళు కదపబోయి, పళ్ళు బిగించాడు. పిక్కలు దుప్పటి కింద వణికాయి. "అబ్బా. పీకేస్తున్నాయమ్మా. శంకరం ఏడీ? వచ్చాడా?"

దుర్గాశంకర్ డాక్టర్ భుజం వెనక నుంచి ముందుకి వచ్చాడు.

తండ్రి ముఖం విప్పారింది. ఎవరి మీదా లేని నమ్మకమేదో ఆ చూపులో ఉంది.

"వచ్చావా నాయనా. ఆ కాళ్ళనొప్పుల ఆయుర్వేదం బిళ్ళ ఒకటి ఇవ్వరా. నిన్న మరీ ఎక్కువగా ఉంటే పొట్లంలోవి మూడు వేసుకున్నా, అయినా లొంగలేదు. పొద్దున్నుంచీ ఒక్కటీ వేసుకోలా. అందుకే ఇంత బాధ."

సుందరి చేతిలో ఆయన వేళ్ళు అలాగే ఉన్నాయి. ఆమె మాత్రం కొడుకువైపు తిరిగింది.

"ఏ ఆయుర్వేదం బిళ్ళండీ?" డాక్టర్ గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"మావాడు తెచ్చాడండీ, వన్‌టౌన్‌లో ఎవరో వైద్యుడి దగ్గర. ఇంగ్లీషు మందు కాదు గాబట్టి ఒట్టుకి అడ్డం లేదు నాన్నా అన్నాడు. ఆయుర్వేదమేగా, నొప్పున్న రోజు ఎన్నైనా వేసుకోవచ్చనుకున్నాను నేనే. వీళ్ళందరూ నన్ను మోసం చేశారు గానీ, నా కొడుకు ఒక్కడే నా ఒట్టు నిలబెట్టాడు."

దుర్గాశంకర్ చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. ఈసారి ఖాళీగా తిరిగి రాలేదు. న్యూస్‌పేపరు పొట్లం. చెమటకి తడిసి, మూల చిరిగి, చిరుగులోంచి ఓ తెల్లటి బిళ్ళ అంచు కనిపిస్తోంది.

సుందరి ఆ బిళ్ళని గుర్తుపట్టింది. ఇన్ని నెలలుగా రోజూ పప్పుగుత్తి కింద నలుపుతున్నది దాన్నే.

డాక్టర్ లాజరు అతని ముందుకి వచ్చాడు. అరచెయ్యి చాపాడు.

మంచం మీద నుంచి వీరభద్రయ్య కూడా చెయ్యి చాపాడు, సెలైన్ గొట్టంతో సహా. "ఇవ్వరా. అట్టా నిలబడ్డావేంట్రా? నాన్నకి నొప్పిగా ఉంది."